ఓడ కడుపులో మడ్డి నూనె, కృష్ణా మొగలో మడ అడవి: తరచుగా అడిగే ప్రశ్నలు

సరుకు రవాణా ఓడల ఇంజిన్ గదుల్లో ఇరవై ఆరేళ్లు పనిచేసి, పదవీ విరమణ తర్వాత విజయవాడ పటమటలో స్థిరపడ్డాను. ఇక్కడి కళాశాలల్లోనూ, గుంటూరు, బాపట్ల వైపు మత్స్యకారుల సమావేశాల్లోనూ ఓడల ఇంధనం గురించి మాట్లాడుతుంటాను. అక్కడ పదేపదే ఎదురైన ప్రశ్నలను, నాకు తెలిసిన జవాబులను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

విజయవాడలో సముద్రమే లేదు. ఓడల నూనె గురించి మనమెందుకు పట్టించుకోవాలి?

బందరు రోడ్డు పట్టుకుంటే 70 కిలోమీటర్లలో మచిలీపట్నం వస్తుంది. గుంటూరు నుంచి బాపట్ల మీదుగా సూర్యలంక కూడా దాదాపు అంతే దూరం. తెల్లవారుజామున మన మార్కెట్లో దిగే చందువ, వంజరం, పండుగప్ప, మండపీతల్లో చాలా భాగం గిలకలదిండి, నిజాంపట్నం రేవుల నుంచి వస్తాయి. గుంటూరు యార్డులో కాటా పడిన మిర్చి బస్తా చివరికి ఏదో ఒక రేవులో ఓడెక్కుతుంది. ఓడల వల్ల కలిగే లాభంలో మనకు వాటా ఉంది కాబట్టి వాటి వల్ల కలిగే కీడులోనూ ఉంటుంది.

ప్రకాశం బ్యారేజీ దాటిన కృష్ణ పులిగడ్డ దిగువన పాయలుగా చీలి, హంసలదీవి వైపు సాగి సముద్రంలో కలుస్తుంది. చెన్నై, ఎన్నూరు, కృష్ణపట్నం రేవుల నుంచి విశాఖ, పారాదీప్, హల్దియాలకు వెళ్లే ఓడలు ఈ మొగలకు ఎదురుగానే, దూరంగా నడిసముద్రంలో సాగిపోతుంటాయి. ఒడ్డున నిలబడితే కనపడవు కాబట్టి మనం వాటిని తలచుకోము.

ఓడలు దేనితో నడుస్తాయి? లారీలకు పోసే డీజిలేనా?

చిన్న ఓడలు, మరపడవలు డీజిల్‌తోనే నడుస్తాయి. పెద్ద సరుకు ఓడల్లో ఎక్కువ భాగం మాత్రం ఇప్పటికీ భారీ చమురు మీదే ఆధారపడ్డాయి. శుద్ధి కర్మాగారంలో ముడిచమురును మరిగించి పెట్రోలు, కిరోసిన్, డీజిల్ తీసుకున్నాక అడుగున మడ్డి మిగులుతుంది. దానికి కొంచెం తేలికపాటి నూనె కలిపి ఓడలకు అమ్ముతారు. మన దేశంలో ఫర్నేస్ ఆయిల్ అని పిలిచేది ఈ జాతిదే. ఓడలవాళ్లం దీన్ని బంకర్ అంటాం. ఆవిరి ఓడల కాలంలో బొగ్గు నిల్వచేసే గది పేరు అది, బొగ్గు పోయినా పేరు మిగిలింది.

ఇది మామూలు వేడిలో ముదిరిన బెల్లం పాకంలా ఉంటుంది, పంపుకు లొంగదు. అందుకే ట్యాంకుల్లో ఆవిరి గొట్టాలు పెట్టి 40, 50 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంచుతాం. తర్వాత ప్యూరిఫయర్ అనే యంత్రంలో 98 డిగ్రీల దగ్గర గిరగిరా తిప్పి నీటినీ మట్టినీ వేరు చేస్తాం. ఇంజిన్‌లోకి చిమ్మే ముందు మళ్లీ 130 డిగ్రీల పైకి వేడి చేయాలి. శుద్ధి కర్మాగారం నుంచి వచ్చిన అల్యూమినియం, సిలికాన్ రేణువులు అందులో మిగిలిపోతే సిలిండర్ లోపలి గోడలను గీరేస్తాయి. ప్యూరిఫయర్ అడుగున చేరే నల్లటి స్లడ్జ్‌ను నేను చేతులారా ఎత్తిపోశాను. తొడుక్కున్న బట్టలు ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ వాసన వదలదు. దాన్ని చేతితో పట్టుకున్నవాడికి అది చేప మొప్పల్లో, చెట్టు వేళ్ల మీద చేరితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

మధ్యస్థాయి సరుకు ఓడ రోజుకు 30 టన్నుల అటూఇటూ కాలుస్తుంది. మన రోడ్ల మీద తిరిగే ట్యాంకర్ లారీ లెక్కన చూస్తే రోజుకు ఒకటిన్నర లారీ. మధ్యలో బంకు ఉండదు గనుక, దూర ప్రయాణాలు చేసే పెద్ద ఓడ వేల టన్నుల నూనెను కడుపులో పెట్టుకొని బయలుదేరుతుంది.

అందులో గంధకం చాలా ఎక్కువంటారు. ఎంత ఎక్కువ?

2020 ఏప్రిల్ నుంచి మన బంకుల్లో అమ్ముతున్న బీఎస్-6 డీజిల్‌లో గంధకం పదిలక్షల భాగాల్లో 10కి మించకూడదు. ఓడల ఇంధనంలో 2019 చివరి వరకు 3.5 శాతం, అంటే పదిలక్షల్లో 35,000 భాగాలు ఉండవచ్చని అంతర్జాతీయ నిబంధన ఒప్పుకుంది. లారీ డీజిల్‌కు 3,500 రెట్లు. 2020 జనవరి 1 నుంచి ఆ పరిమితి 0.5 శాతానికి తగ్గింది. ఇంత తగ్గాక కూడా అది 500 రెట్లు. ఉత్తర అమెరికా, ఉత్తర ఐరోపా తీరాల దగ్గర 2015 నుంచే 0.1 శాతం పరిమితి అమలులో ఉంది, 2025 మే నుంచి మధ్యధరా సముద్రమూ అందులో చేరింది. బంగాళాఖాతానికి అలాంటి ప్రత్యేక రక్షణ లేదు. ఇది నాకు బాధ కలిగించే విషయం. అదే ఓడ ఐరోపా తీరం చేరగానే శుభ్రమైన నూనెకు మారుతుంది, మన తీరానికి వచ్చేసరికి తిరిగి మడ్డికి వస్తుంది. ఆ వాల్వులు నేనే తిప్పాను.

గంధకం కాలితే సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. గాలిలో అది సన్నని రేణువులుగా మారి ఊపిరితిత్తుల లోతుల్లోకి పోతుంది, వానతో కలిస్తే ఆమ్లమవుతుంది. దీనికి నత్రజని ఆక్సైడ్లు, మసి తోడు. రేవుల పక్కన బతికేవారు పీల్చేది ఈ గాలినే.

2020 నిబంధనతో సమస్య తీరినట్టేనా?

గాలి విషయంలో చాలా మేలు జరిగింది, ఆ మాట ఒప్పుకోవాలి. ఓడల పొగలోని గంధకం ఏకంగా ముప్పావు వంతుకు పైగా తగ్గింది. కానీ నిబంధనలో ఒక పక్కదారి ఉంది. పాత మడ్డినే కాలుస్తూ, పొగగొట్టంలో స్క్రబ్బర్ అనే కడిగే యంత్రం పెట్టుకోవచ్చు. వీటిలో ఓపెన్ లూప్ రకం సముద్రపు నీటితో పొగను కడిగి, ఆ ఆమ్లపు నీటిని, అందులోని లోహాలతో సహా తిరిగి సముద్రంలోకే వదులుతుంది. గాలిలో కలవాల్సింది నీటిలో కలిసింది. సింగపూర్ తన రేవు జలాల్లో ఈ నీటిని వదలడాన్ని 2020లోనే నిషేధించింది, మరికొన్ని దేశాలు అదే దారిలో ఉన్నాయి.

ఇంకొక చిక్కు కూడా ఉంది. గంధకపు రేణువులు సముద్రం మీది మేఘాలను తెల్లగా, మెరిసేలా చేసి కొంత ఎండను వెనక్కి పంపేవి. అవి తగ్గడంతో అంతవరకు దాగి ఉన్న వేడి కొంత బయటపడింది. ఎంతన్న దాని మీద శాస్త్రవేత్తల మధ్య చర్చ నడుస్తోంది. దీన్ని చూపి పాత మడ్డే నయమనేవారున్నారు. ఊపిరితిత్తులను పణంగా పెట్టి భూమిని చల్లబరచాలనడం నాకు ఏమాత్రం ఒప్పుకోదగ్గ వాదన కాదు.

లారీ, విమానం కంటే ఓడే మేలు కదా? మరి ఓడల మీద ఇంత ఒత్తిడి ఎందుకు?

టన్ను సరుకును కిలోమీటరు దూరం తీసుకెళ్లే లెక్కన ఓడ కచ్చితంగా మేలు. పరిమాణం పరంగా ప్రపంచ వాణిజ్యంలో 80 శాతానికి పైగా సముద్రం మీదే సాగుతోంది. మొత్తం కలిపి చూస్తే మాత్రం లెక్క పెద్దది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 2018లో ఓడల నుంచి 107.6 కోట్ల టన్నుల గ్రీన్‌హౌస్ వాయువులు వెలువడ్డాయి, మానవ చర్యల వల్ల వెలువడే మొత్తంలో ఇది 2.89 శాతం. 2050కి అటూఇటూగా నికర సున్నాకు చేరాలని ఆ సంస్థ 2023లో లక్ష్యం పెట్టుకుంది. దాన్ని అమలు చేసే ధరల విధానానికి 2025 ఏప్రిల్‌లో ఆమోదం లభించినా, అక్టోబరులో తుది నిర్ణయాన్ని ఏడాది పాటు వాయిదా వేశారు.

కొత్త కనిపెట్టుళ్లేవీ అక్కరలేని ఉపాయం ఒకటుంది: నెమ్మదిగా నడపడం. ఇంజిన్‌కు కావలసిన శక్తి దాదాపు వేగానికి ఘనం చొప్పున పెరుగుతుంది. వేగాన్ని ఐదో వంతు తగ్గిస్తే రోజుకు కాలే నూనె దాదాపు సగమవుతుంది. ప్రయాణం ఒకటి రెండు రోజులు ఎక్కువైనా మొత్తం మీద ఆదాయే.

చమురు ఒలికే ప్రమాదం చమురు మోసే ట్యాంకర్ ఓడలతోనే కదా? మన తీరంలో ట్యాంకర్లు తక్కువే.

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ట్యాంకర్ల విషయంలో ప్రపంచం చాలా నేర్చుకుంది. 1970ల్లో ట్యాంకర్ల నుంచి 700 టన్నులకు మించి ఒలికిన ప్రమాదాలు ఏడాదికి సగటున 24 దాకా జరిగేవి. 2010ల నాటికి అవి రెండు లోపుకు వచ్చాయి. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ అనే ట్యాంకర్ రాతికి గుద్దుకొని దాదాపు 37,000 టన్నులు పారిన తర్వాతే జోడు గోడల ట్యాంకర్లు తప్పనిసరయ్యాయి.

బొగ్గు, కంటైనర్లు, ఇనుప ఖనిజం మోసే మామూలు ఓడలు కూడా తమ కోసం మడ్డి నూనెను మోస్తాయన్నది మరచిపోతాం. ఆ ఇంధన ట్యాంకులకు జోడు గోడ ఉండాలన్న నిబంధన 2010 ఆగస్టు తర్వాత తయారైన ఓడలకే వర్తిస్తుంది. అంతకు ముందువాటిలో చాలా ఓడలకు నూనెకూ సముద్రానికీ మధ్య ఉండేది ఒక్క ఇనుప రేకే.

2020 జులై 25న మారిషస్ పగడపు దిబ్బ మీదికెక్కిన వకాషియో అనే ఓడ ట్యాంకర్ కాదు, అందులో సరుకే లేదు. దాని సొంత ఇంధనంలో సుమారు 1,000 టన్నులు కారింది, అంటే యాభై లారీల నూనె. ఓడ చిక్కుకున్న తర్వాత పన్నెండు రోజులకు ట్యాంకు పగిలింది. ఆ పన్నెండు రోజుల్లో నూనెను తోడేయగలిగి ఉంటే ఎంత మిగిలేదో అనిపించకుండా ఉండదు.

మన దగ్గరి ఉదాహరణలూ ఉన్నాయి. 2017 జనవరి 28న ఎన్నూరు రేవు బయట రెండు ఓడలు ఢీకొన్నాయి. సముద్రంలో చేరిన భారీ నూనె 250 టన్నుల అటూఇటూ అని తర్వాత తేలింది, తొలిరోజుల్లో చెప్పిన దానికి అది ఎన్నో రెట్లు. విద్యార్థులు, మత్స్యకారులు బకెట్లతో తోడిన దృశ్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2025 మే 25న కేరళ తీరంలో ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే కంటైనర్ ఓడ మునిగింది. సిబ్బంది 24 మందినీ కాపాడారు. ఓడలోని 640 కంటైనర్లతో పాటు 367 టన్నుల ఫర్నేస్ ఆయిల్, 84 టన్నుల డీజిల్ నీట మునిగాయి, ఒడ్డుకు ప్లాస్టిక్ గుళికలు కొట్టుకొచ్చాయి.

ట్యాంకర్ల బెడద మనకు పూర్తిగా లేదని కూడా అనలేం. 2020 సెప్టెంబరులో పారాదీప్‌కు దాదాపు 2,70,000 టన్నుల ముడిచమురు తెస్తున్న న్యూ డైమండ్ అనే ట్యాంకర్ శ్రీలంక తూర్పు తీరంలో మంటల్లో చిక్కుకుంది. మన తీరరక్షక దళం, నౌకాదళం శ్రీలంకతో కలిసి మంటలార్పడం వల్ల సరుకు ట్యాంకులు దక్కాయి.

నీటిలో పడిన నూనె ఏమవుతుంది? కొన్నాళ్లకు దానంతటదే పోతుందా?

డీజిల్ అయితే చాలా భాగం ఒకటి రెండు రోజుల్లో ఆవిరవుతుంది. పోయేలోపే గుడ్లనూ, పిల్ల చేపలనూ చంపగల విషం అది. మడ్డి నూనె కథ వేరు. అందులో ఆవిరయ్యేది కొంచెమే. అలలు దాన్ని మజ్జిగ చిలికినట్టు చిలికి నీటిని కలిపేస్తాయి. గోధుమరంగు చిక్కటి ముద్దగా మారి, ఒలికినదానికి మూడు నాలుగు రెట్ల పరిమాణానికి ఉబ్బుతుంది. పంపులకు రాదు, మంట అంటుకోదు. కొంత ఇసుకతో కలిసి అడుగుకు చేరుతుంది, మిగిలింది తారు ఉండలై నెలల తరబడి ఒడ్డుకు వస్తూ ఉంటుంది.

నీటి మీద తేలే ఈ నూనె తెట్టు సముద్ర ప్రవాహంతో పాటు కదులుతూ, గాలి వేగంలో సుమారు 3 శాతాన్ని కూడా అందుకుంటుంది. గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే, ఆ గాలి ఒక్కటే దాన్ని రోజుకు 20 కిలోమీటర్లకు పైగా నెడుతుంది. తీరానికి 40 కిలోమీటర్ల దూరంలో ప్రమాదం జరిగితే మన చేతిలో ఉండేది రెండు రోజులన్నమాట. నడిసముద్రంలో యంత్రాలతో తిరిగి తోడగలిగేది సాధారణంగా పది పదిహేను శాతానికి మించదు. మిగతాది ఎక్కడికి పోతుందన్నదే అసలు ప్రశ్న.

అది కృష్ణా మొగలోకి వస్తే?

నా నిద్ర చెడగొట్టే ప్రశ్న ఇది.

ఇసుక తీరం మీద పడిన నూనెను కష్టపడి ఎత్తవచ్చు. సూర్యలంకలోనో మంగినపూడిలోనో పారలు, గోతాలతో వందమంది పనిచేస్తే కొన్ని వారాల్లో ఒక రూపానికి వస్తుంది. మడ అడవిలో అది సాధ్యం కాదు. నల్లమడ, తెల్లమడ చెట్లు బురదలోంచి పైకి పొడుచుకొచ్చే వేళ్లతో గాలి పీలుస్తాయి. పోటు వచ్చినప్పుడు నూనె ఏరు లోపలికి వస్తుంది, పాటు తీసినప్పుడు ఆ వేళ్ల మీద పూతలా మిగిలిపోతుంది. వేళ్ల రంధ్రాలు మూసుకుపోయి చెట్టు నిలువునా ఊపిరాడక చస్తుంది. ఆకు రాలడానికి వారాలు పట్టవచ్చు కాబట్టి నష్టం వెంటనే కనపడదు. శుభ్రం చేద్దామని మనుషులు దిగితే వారి కాళ్ల కిందే నూనె బురద లోతుల్లోకి తొక్కుడు పడుతుంది, అక్కడ ప్రాణవాయువు లేక దశాబ్దాలు కూడా నిలిచిపోతుంది. అందుకే చాలా సందర్భాల్లో నిపుణులు మడలోకి దిగవద్దనే చెబుతారు.

కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఈ మొగల దగ్గరే, సుమారు 195 చదరపు కిలోమీటర్లలో, కృష్ణా, బాపట్ల జిల్లాల తీరం వెంట ఉంది. బావురు పిల్లి అక్కడ చేపలు పట్టుకు తింటుంది. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఆ ఇసుక దిబ్బలకే వస్తాయి. రొయ్య పిల్ల, పండుగప్ప పిల్ల పెరిగేది ఆ మడ నీడలోనే కాబట్టి అడవి పోతే వల కూడా ఖాళీ అవుతుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన దివిసీమవాళ్లకు, అలకు అడ్డుగా చెట్లు నిలబడటం ఎంత అవసరమో తెలుసు.

ఇంకొక దెబ్బ గురించి ఎవరూ మాట్లాడరు. బాపట్ల తీరం వెంట ఉన్న రొయ్య పిల్లల హేచరీలు సముద్రపు నీటిని నేరుగా తోడుకుంటాయి, చెరువులు ఉప్పుటేళ్ల నుంచి నీరు పెట్టుకుంటాయి. తెట్టు వస్తున్న సంగతి ముందే తెలిస్తే మోటార్లు ఆపి, తూములు మూసి, ఉన్న నీటితో కొన్ని రోజులు నెట్టుకురావచ్చు. తెలియకపోతే ఒక్క రాత్రిలో పంట పోతుంది.

కాబట్టి నూనెను ఆపాల్సిన చోటు ఏటి మొగ. తేలే అడ్డుకట్టలను, అంటే బూమ్‌లను, ఏ మొగకు ఎంత పొడవువి కావాలి, వాటిని ఏ ఒడ్డున కట్టాలి, ఎవరి పడవలు లాగాలి అన్నది ప్రమాదానికి ముందే రాసి ఉండాలి. నూనె వచ్చాక పటం గీసుకుంటే అప్పటికే ఆలస్యం.

ఏ కాలంలో ఎటు నుంచి ప్రమాదం ఎక్కువ?

మన తూర్పు తీరపు ప్రవాహం ఏడాదిలో దిశ మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి వేసవి వరకు దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంది కాబట్టి అప్పుడు చెన్నై, కృష్ణపట్నం వైపు ఒలికినది మన వైపు రావచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తుంది, అప్పుడు చూపు కాకినాడ, విశాఖల వైపు ఉండాలి. 2024 జనవరి నుంచి కాకినాడకు ఎదురుగా లోతు సముద్రంలో ముడిచమురు కూడా తీస్తున్నారు. తుపానుల కాలమూ ఆ నెలలే. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను మనకు గుర్తే. అదే తుపాను కురిపించిన వానకు చెన్నై మణలి పారిశ్రామికవాడ నుంచి వరదతో పాటు చమురు కొట్టుకొచ్చి ఎన్నూరు ఉప్పుటేటిలోని మడలనూ, పడవలనూ ముంచెత్తింది. ఓడ ప్రమేయం లేకుండానే.

తెట్టు ఎటు కదులుతుందో గాలి, ప్రవాహాల లెక్కతో అంచనా వేసి చెప్పే సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిసే ఆ పని కూడా చేస్తుంది.

చమురు ఒలికిన తర్వాత చేపలు తినవచ్చా?

అధికారులు ఆ ప్రాంతంలో వేట ఆపితే అక్కడి చేపను తినకూడదు. ఆపని చోట, నూనె వాసన లేని చేపను భయం లేకుండా తినవచ్చు. చేప తన ఒంట్లో చేరిన హైడ్రోకార్బన్లను చాలావరకు విరిచి బయటికి పంపగలదు. ఆలిచిప్పలు, గుల్లలు అలా చేయలేవు, వాటిలో ఎక్కువ కాలం ఉండిపోతాయి, వాటిని మానేయడం మంచిది. వండితే విషం పోతుందన్నది అపోహ.

ఒక విన్నపం. ఎక్కడో కేరళలో ఓడ మునిగితే ఇక్కడ చేపల దుకాణాలు వెలవెలబోవలసిన పని లేదు. ఫోనులో వచ్చిన ప్రతి కబురునూ నమ్మి మానేస్తే, నష్టపోయేది బుట్ట ముందు కూర్చున్న ఆడవాళ్లు.

ఓడలు కావాలనే నూనె పారబోస్తాయా?

కొన్ని పారబోస్తాయి. ఇంజిన్ గది అడుగున నూనె కలిసిన మురికి నీరు చేరుతూనే ఉంటుంది. దాన్ని వేరుచేసే యంత్రం గుండా పంపి, నూనె పదిలక్షల్లో 15 భాగాలకు తగ్గాకే బయటికి వదలాలని 1983 నుంచి అమలులో ఉన్న మార్పోల్ అనే అంతర్జాతీయ ఓడల కాలుష్య నివారణ ఒప్పందం చెబుతుంది. ప్రతి లీటరు లెక్కా చమురు రికార్డు పుస్తకంలో రాయాలి. మిగిలిన స్లడ్జ్‌ను రేవులో అప్పగించాలి. దానికి రుసుము, సమయం ఖర్చవుతాయి.

అందుకని యంత్రాన్ని తప్పించి నేరుగా సముద్రంలోకి గొట్టం పెట్టేవారున్నారు. మా వృత్తిలో దాన్ని మ్యాజిక్ పైపు అంటారు. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక రాత్రి పైఅధికారి నాకు రబ్బరు గొట్టం ఇచ్చి ఎక్కడ బిగించాలో చూపించాడు. ఉద్యోగం పోతుందన్న భయంతో బిగించాను. తెల్లారి డెక్ మీదికి వచ్చి వెనక్కి చూస్తే ఓడ దారి పొడవునా ఇంద్రధనుస్సు రంగుల చార కనిపించింది. ఆ చార నాతోనే ఉంది, ఈ మాటలన్నీ చెబుతున్నది అందుకే. తర్వాత నేనే చీఫ్ ఇంజినీరునైనప్పుడు నా కింద పనిచేసిన ఏ కుర్రాడి చేతికీ అలాంటి గొట్టం ఇవ్వలేదు.

ఇప్పుడు ఉపగ్రహాల రాడార్ చిత్రాల్లో ఆ చారలు రాత్రి పూట కూడా కనపడతాయి. ఓడల్లో పనిచేస్తున్న మన పిల్లలు ఎవరైనా ఇది చదివితే, పుస్తకంలో తప్పు లెక్క మీద సంతకం పెట్టవద్దని చెబుతున్నాను. చాలా దేశాల్లో జైలుకు వెళ్లేది ఆ సంతకం పెట్టినవారే.

డిటర్జెంటు పొడి లాంటిది చల్లితే నూనె విరిగిపోదా?

దాని కోసం ప్రత్యేక రసాయనాలున్నాయి. లోతైన, అలలు గల సముద్రంలో, తీరరక్షక దళం అనుమతితో మాత్రమే వాడతారు. లోతు తక్కువ ఉన్నచోట, మడల దగ్గర, హేచరీల ముందు చల్లితే నూనెతో పాటు రసాయనమూ నీటి లోపలికి చేరి కీడు రెట్టింపవుతుంది. బట్టల పొడి ఎప్పుడూ వద్దు.

ఒడ్డున నూనె గాని, తారు ఉండలు గాని కనిపిస్తే ఏం చేయాలి?

తీరరక్షక దళం ఉచిత నంబరు 1554. సముద్రంలో ఏ ఆపదకైనా ఇదే. ఒడ్డున ఉంటే పోలీసులకు 112 ద్వారా కూడా చెప్పవచ్చు. చోటు, సమయం, రంగు, ఎంత మేర ఉందో చెప్పండి, ఫొటో తీయండి. చేతులతో ముట్టుకోకండి. ఉత్సాహం కొద్దీ చెప్పుల్లేకుండా బకెట్లు పట్టుకొని దిగవద్దని విద్యార్థులను ప్రత్యేకంగా కోరుతున్నాను. రబ్బరు బూట్లు, చేతి తొడుగులు, ముఖానికి తగిన మాస్కు, చెప్పే అధికారి ఉన్నప్పుడే దిగాలి. ఎత్తిన మడ్డిని ఇసుకలో పాతిపెడితే మళ్లీ బయటికి వస్తుంది, దాన్ని ప్రమాదకర వ్యర్థంగానే అప్పగించాలి.

నష్టపోయిన మత్స్యకారులకు పరిహారం ఎవరిస్తారు?

ట్యాంకరైతే ఓడ యజమాని బీమా, అది చాలకపోతే అంతర్జాతీయ చమురు పరిహార నిధి ఉన్నాయి. మామూలు ఓడ నుంచి ఇంధనం ఒలికితే ఆ నిధి వర్తించదు. దానికి 2001లో కుదిరిన బంకర్ ఒప్పందం ఉంది, భారతదేశం అందులో ఉంది. దాని ప్రకారం 1,000 టన్నేజీ (ఓడ పరిమాణాన్ని చెప్పే కొలత) దాటిన ప్రతి ఓడకూ బీమా తప్పనిసరి, బీమా సంస్థను నేరుగా అడగవచ్చు. నష్టం జరిగిన మూడేళ్లలోపు దావా వేయాలి.

ఓడను కోర్టు ద్వారా రేవులో నిలిపివేయించే అధికారం కూడా ఉంది. 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం తీర రాష్ట్రాల హైకోర్టులకు ఆ అధికారమిచ్చింది. కేరళ ప్రభుత్వం ఎల్సా 3 వల్ల 9,531 కోట్ల రూపాయల నష్టమంటూ దావా వేసి, అదే కంపెనీకి చెందిన మరో ఓడను ఆ రాష్ట్ర హైకోర్టు ద్వారా నిలిపివేయించింది.

కాగితం లేని నష్టానికి పరిహారం రాదు. మన తీరంలో చాలామందికి లేనిది ఆ కాగితమే. బోటు రిజిస్ట్రేషను, రోజూ ఎంత పట్టారో రాసిన నోటు పుస్తకం, అమ్మిన చీటీలు, డీజిల్ రసీదులు దాచుకోండి. హేచరీలవాళ్లు నీటి పరీక్షల ఫలితాలను మామూలు రోజుల్లోనే తీయించి పెట్టుకోండి. ప్రమాదానికి ముందు నీరు ఎలా ఉందో చూపలేకపోతే, తర్వాత చెడిందని రుజువు చేయడం కష్టం.

కొత్త ఇంధనాలు వస్తున్నాయట. వాటితో ఈ బెడద పోతుందా?

ద్రవీకృత సహజవాయువులో గంధకం ఉండదు, ఒలికితే ఆవిరైపోతుంది. కానీ కాలకుండా జారిపోయే మీథేన్ ఇరవై ఏళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్ల వేడిని పట్టి ఉంచుతుంది. మిథనాల్ నీటిలో కలిసి త్వరగా విరిగిపోతుంది కాబట్టి మడలకు మేలైనది. అది మంచిదా కాదా అన్నది దేనితో తయారు చేశారన్న దాని మీద ఉంటుంది, బొగ్గు నుంచి తీస్తే ప్రయోజనం లేదు. అమోనియా యూరియాకు మూలమని మన రైతులకు తెలుసు. అందులో కార్బన్ లేదు, కానీ లీకైతే మనుషులకూ చేపలకూ తీవ్ర విషం. ఈ ఇంధనాల తయారీకి పనికొచ్చే హరిత హైడ్రోజన్ కేంద్రానికి అనకాపల్లి జిల్లా పూడిమడకలో 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది గనుక, ఈ చర్చ మన రాష్ట్రానికి దూరమైనది కాదు. నా మట్టుకు మిథనాల్ మీద ఆశ ఎక్కువ. ఈ రోజు సముద్రంలో ఉన్న ఓడలు మరో ఇరవై ఏళ్లు తిరుగుతాయి కాబట్టి మడ్డి నూనె ప్రమాదానికి సిద్ధపడటం మాత్రం తప్పదు.

మచిలీపట్నం పోర్టు వస్తోంది. మనం ఏమి అడగాలి?

పోర్టు రావాలని నేను మనసారా కోరుకుంటాను, బందరు పేరు ఒకప్పుడు సముద్రాల అవతల దాకా తెలిసినది. దానితో పాటు అడగవలసినవి అడగాలి.

తీరరక్షక దళం నిర్వహించే జాతీయ చమురు విపత్తు ప్రణాళిక 1996 నుంచి ఉంది. దాని ప్రకారం 700 టన్నుల వరకు ఒలికితే స్థానికంగా, పోర్టే ఎదుర్కోగలగాలి. ఎన్నూరులో ఒలికింది ఆ పరిమితిలో సగం కూడా లేదు, అయినా బకెట్లే దిక్కయ్యాయి. కాబట్టి కాగితం మీద ప్రణాళిక ఉందా అని అడిగి ఊరుకోవద్దు. బూమ్‌లు ఎన్ని మీటర్లున్నాయి, అవి ఏ గోదాములో ఉన్నాయి, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, చివరిసారి నీటిలో దించి చూసింది ఎప్పుడు, గిలకలదిండి, నిజాంపట్నం బోట్లవాళ్లలో ఎంతమందికి శిక్షణ ఇచ్చారు, హేచరీలకు కబురు ఏ ఫోను నుంచి వెళుతుంది అని అడగాలి. ఓడలు రేవులో ఉన్నంతసేపు ఇంజిన్లు ఆపి ఒడ్డు నుంచి కరెంటు తీసుకునే ఏర్పాటు మొదటి రోజు నుంచే ఉందా అనీ, స్క్రబ్బర్ నీటిని పోర్టు జలాల్లో వదలనిస్తారా అనీ అడగాలి. జిల్లా యంత్రాంగానికి సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయలతో పెట్టవచ్చు.

ఊళ్లో ఉన్న మేము చేయగలిగినది ఏమైనా ఉందా?

మీ బండికి ఇంజిన్ ఆయిల్ మార్చినప్పుడు పాతది ఎక్కడికి వెళుతుందో మెకానిక్‌ను అడగండి. సముద్రంలో చేరే నూనెలో ఓడ ప్రమాదాల వాటా కంటే నగరాల కాలువల ద్వారా చేరేది తక్కువేమీ కాదు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మన నగరం మధ్య నుంచే పారతాయి. మురుగు కాలువలో పోసిన నల్లనూనె చివరికి ఆ మొగల వైపే వెళుతుంది. వాడిన నూనెను అనుమతి పొందిన శుద్ధి కేంద్రాలకే ఇవ్వాలని 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. కొత్త నూనె తయారుచేసి అమ్మే కంపెనీలు వాడిన నూనెలో నిర్ణీత వాటాను తిరిగి శుద్ధి చేయించే బాధ్యత 2024 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఒక మెకానిక్ తన షెడ్డు మూలన మూత ఉన్న పీపా పెట్టి, నిండగానే సేకరించేవాళ్లకు ఫోను చేస్తాడు. నూనెకు డబ్బు కూడా వస్తుందని చెప్పాడు. పక్క షెడ్లవాళ్లు ఇద్దరు అతన్ని చూసి పీపాలు కొనుక్కున్నారు.